అవ్వ ఫైలు తెరుచుకోని వారం

కంప్యూటరు మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి, బియ్యం కడిగి కుక్కరు పొయ్యి మీద పెట్టి వచ్చినా మా ఇంట్లో తెర మీద ఆ తెల్లటి చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. మొదటి విజిలు వచ్చేసరికి ఫోల్డర్లు కనబడేవి. రెండో విజిలుకి, నొక్కితే కదిలేవి. మూడో విజిలుకి నాకు కోపం వచ్చేది. నా కోపం సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ దాచుకోవడానికేమీ లేదు. ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ముక్కు మీద నిలవడానికి కూడా దానికి ఓపిక లేదని నా భర్త అంటాడు.

మాది మైపాడు రోడ్డు మీద, సముద్రానికి కాస్త ఇవతల ఉన్న ఊరు. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. షెడ్డుకి ఆనుకున్న గదిలో నేను తెలుగు టైపింగు చేస్తాను. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, అర్జీలు, చర్చి పాటల పుస్తకాలు. అన్నిటికన్నా ఎక్కువగా జీవిత విశేషాలు. మా సంఘంలో ఎవరైనా చనిపోతే, సమాధి అయ్యాక వచ్చే ఆదివారం సాయంత్రం ఆదరణ కూడిక పెడతారు. అందులో పోయినవారి జీవిత విశేషాలు చదవాలి. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం పొందారు, పెళ్లి, పిల్లలు, సంఘానికి చేసిన సేవ, చివరికి ఏ రోజున ప్రభువునందు నిద్రించారు. అంతా కలిపి ఒక్క కాగితం. బతికి ఉన్నప్పుడు ఆ మనిషితో పొలం గట్టు దగ్గర తగాదా పడ్డవాళ్లు కూడా అది చదివినంతసేపూ చేతులు కట్టుకుని వింటారు.

ఇరవై ఏళ్లుగా ఆ కాగితం రాసేది నేనే. నిజం చెప్పాలంటే రాయడం కూడా కాదు. పాత కాగితం ఒకటి తెరిచి, పేర్లూ తేదీలూ మార్చి, కొత్త పేరుతో దాచేదాన్ని. చావు ఇంటివాళ్లు ఏడుస్తూ చెప్పే మాటల్లోంచి నాకు కావలసిన నాలుగు ముక్కలు ఏరుకోవడం చేతనైంది. అరగంటలో పని అయిపోయేది. నా అంత వేగంగా టైపు చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని నాకు గర్వం కూడా ఉండేది.

అలాంటి నాకు నత్తనడక కంప్యూటరు దాపురించింది.

అది ఒక్కరోజులో నెమ్మదించలేదు. వానలు మొదలయ్యే ముందు నుంచే అక్షరాలు వెనకబడి రావడం మొదలైంది. నేను ఒక వాక్యం కొట్టి చేతులు తీసేశాక, అవి చూరు నీళ్లలా ఒక్కొక్కటీ రాలేవి. నాకు తోచిన వైద్యాలన్నీ చేశాను. పెళ్లిళ్ల ఫోటోలు తీసేశాను. చెత్తబుట్ట ఖాళీ చేశాను. కంప్యూటరు లేచేటప్పుడే దాంతోపాటు చాలా ప్రోగ్రాములు లేచి కూర్చుంటాయని, వాటిని ఆపేస్తే బరువు తగ్గుతుందని ఎక్కడో చదివి, తెలిసినవీ తెలియనివీ కలిపి పది దాకా ఆపేశాను. మూడు రోజులు బాగానే నడిచింది. నేనే బాగుచేశానని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నాను. నాలుగో రోజు మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు ఉచితంగా వస్తుంది కదా అని, వేగం పెంచే ప్రోగ్రాము ఒకటి దించుకున్నాను. అది ఒంటరిగా రాలేదు, చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చింది. రోజూ పొద్దున్నే డిస్కు అంతా గాలించి, ఎర్ర అక్షరాలతో భయపెట్టి, మందు కావాలంటే డబ్బు కట్టమనేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చివరికి నాకు మిగిలిన వైద్యం ఒక్కటే. చక్రం తిరగడం మొదలుపెడితే మీట గట్టిగా నొక్కి పట్టుకుని ఆర్పేసి, మళ్లీ వేయడం. రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు.

శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఒకామె నా కంప్యూటరు గురించి కూడా చెప్పింది. అందరూ తల మీద కొంగు వేసుకుని, కళ్లు మూసుకుని దానికోసం ప్రార్థన చేశారు. నేను మాత్రం ఒక కన్ను తెరిచి గడియారం చూసుకుంటున్నాను.

నా భర్తకి ఇవేమీ పట్టేవి కావు. అంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. ఇంజను తీసుకొచ్చినవాళ్లు తొందరపెడుతున్నా పానా ముట్టుకోడు. ముందు స్టార్టు చేయించి, దాని మీద చెయ్యి వేసి, తల వంచి వింటాడు. ఒక్కోసారి పావుగంట వింటాడు. విన్నాక ఎక్కడ విప్పాలో అక్కడే విప్పుతాడు. ఆయన రెండో అలవాటు నూనె. మా వైపు ఉప్పుగాలికి ఇనుము ఆగదు. కొత్త మేకు కూడా ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి పొలుసులు రాలుస్తుంది. అందుకని సాయంత్రం పని ముగించాక నూనె గుడ్డ పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరుగుతాడు. గేటు గొళ్లెం, సైకిలు చెయిను, కుట్టుమిషను, కిటికీ ఊచలు, చివరికి కత్తిపీట. మా ఇంట్లో ముట్టుకున్నదల్లా జిడ్డే. కంప్యూటరు పెట్టె వైపు కూడా ఆ గుడ్డతో రెండు మూడుసార్లు వచ్చాడు. దాని జోలికి వస్తే ఊరుకోనని చెప్పి పంపేశాను.

ఇక అవ్వ సంగతి. ఆమె నాకు చుట్టం కాదు, అక్షరాలు నేర్పిన మనిషి. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే పని ఆమెది. భుజాన గుడ్డసంచి వేసుకుని ఎండావానా లేకుండా తిరిగేది. వాక్యం చెప్పడానికి వచ్చిన ఇంట్లో బడికి వెళ్లని ఆడపిల్ల కనబడితే, నేల మీద చింతగింజలు పేర్చి అ ఆలు దిద్దించేది. నేనూ అలా దిద్దినదాన్నే. పెళ్లైన నాలుగేళ్లకే భర్త పోయాడట. తర్వాత ఆమెకు ఊరే ఇల్లు. ముసలితనంలో చర్చి పక్కన ఒంటిగదిలో ఉండేది.

పోయిన వానాకాలం మొదట్లో ఒకరోజు మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"నేను పోయినాక నా గురించి చెప్పేదానికి ఎవురుండారు? ఉండంగానే చెప్పిపోతా. నువ్వు రాసిపెట్టు" అంది.

అప్పటినుంచి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు వచ్చేది. రెండు నెలలు వచ్చింది. సాసర్లో టీ పోసుకుని చల్లార్చుకుంటూ చెప్పేది. ఎంత నెమ్మదిగా అంటే, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య నేను వంటింట్లో పాలు చూసి రావచ్చు. నాకు సంవత్సరాలు కావాలి. ఏ సంవత్సరం అవ్వా అంటే, కాలవ పొంగి కోళ్లన్నీ కొట్టుకుపోయిన ఏడు అనేది. ఎవరి ఇంట్లో ఏం పెట్టారో, ఏ ఇంట్లో గడప బయట నిలబెట్టి మాట్లాడారో, ఏ ఊరి ఇసక ఎక్కువ కాలుతుందో చెప్పేది. ఇవన్నీ దేనికని నాకు విసుగు. అయినా రాసేదాన్ని. రాస్తూ ఆమె మాటల్ని పుస్తకం మాటలుగా మార్చేదాన్ని. ఆ మధ్యలో చక్రం తిరగడం మొదలయ్యేది. నేను మౌసుని బల్లకేసి కొట్టి, మీట నొక్కి పట్టుకుని ఆర్పి, మళ్లీ వేసి, అది లేచేదాకా దాన్ని తిడుతూ కూర్చునేదాన్ని. అవ్వ మాత్రం ఆగేది కాదు. కిటికీ వైపు చూస్తూ తన పాటికి తాను చెప్పుకుపోయేది.

పదకొండు పుటలు అయ్యాక, చదివి వినిపించమంది. ఆ ఫైలు తెరుచుకోవడానికి పట్టే సమయం తలుచుకుని, తర్వాత వినిపిస్తాలే అవ్వా అన్నాను. ఇంకో వారం మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. పెన్‌డ్రైవులో ఒక నకలు పెట్టుకోవాలని కూడా అనుకున్నాను. దాని నిండా పాటలున్నాయి. అవన్నీ తీసి ఇది పెట్టాలంటే ఈ కంప్యూటరుతో ఒక పూట పడుతుందని అదీ వాయిదా వేశాను.

ఒక బుధవారం పొద్దున పాలుపోసే ఆమె తలుపు తడితే అవ్వ లేవలేదు. గురువారం సమాధి చేశాం. మట్టి వేసి వస్తుంటే పాస్టరుగారు నా పక్కకి వచ్చి, ఈసారి ఒక్క కాగితం కాదమ్మా, ఆమె చెప్పింది చెప్పినట్టు మొత్తం చదువుదాం అన్నారు. అవ్వ నాచేత తన జీవితం రాయిస్తోందని ఊరంతా తెలుసు. ఆమె అడుగుపెట్టిన ఊళ్ల నుంచి, బోగోలు దాకా, జనం వస్తారని అన్నారు. సరేనన్నాను. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆమె గురించి ఆమె నోటితో చెప్పిన మాటలు లోకంలో ఒక్కచోటే ఉన్నాయి. అది మా ఇంట్లో, ఆ పెట్టెలో.

గురువారం సాయంత్రం కూర్చున్నాను. ఫైలు పేరు కనబడుతోంది. నొక్కితే చక్రం. ఆర్పాను, వేశాను. ఒకసారి సగం తెరుచుకుని తెల్లటి పుట కనబడి అలాగే బిగుసుకుపోయింది. ఆర్పాను, వేశాను. ఆరుసార్లు చేశాక, పొద్దున చల్లబడ్డాక చూద్దామని దాని మీద ఎప్పటిలాగే పూలు కుట్టిన గుడ్డ కప్పి లేచాను.

శుక్రవారం ఉదయం జీవిత విశేషాలకి అవ్వ ఫోటోతో అట్ట వేయించడానికి నెల్లూరు ప్రెస్సుకి వెళ్లాను. బస్సు దిగి వచ్చేసరికి కంప్యూటరు పెట్టె పక్క రేకు తీసి ఉంది. గదంతా నూనె వాసన. నా భర్త లోపలి ఇసకా దుమ్మూ కుంచెతో శుభ్రంగా దులిపాడు. ఆ తర్వాత, ఉప్పు పట్టి నల్లబడ్డాయనుకున్న చోటల్లా, బంగారు గీతలున్న మెమరీ పట్టీతో సహా, నూనె గుడ్డతో తుడిచి పెట్టాడు. నేను మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. పెట్టె మూడుసార్లు బీప్ బీప్‌మని కూసి ఊరుకుంది.

షెడ్డులో ఇంజను కోసం వచ్చిన బోటువాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను వాళ్లని చూసి కూడా ఆగలేదు.

"ఇదేమన్నా నీ బోటింజను అనుకుంటివా? అవ్వని రెండోసారి చంపితివి" అన్నాను.

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకునే మీట ఏదీ లేదు. బోటువాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. నా భర్త చేతులు తుడుచుకుని, పెట్టెని దుప్పట్లో చుట్టి మోపెడ్ ముందు పెట్టుకున్నాడు. నేను వెనక కూర్చున్నాను. నెల్లూరు దాకా ఆయన వీపు చూస్తూ కూర్చోవడం తప్ప నాకు దారి లేకపోయింది. ఆ చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. నెల రోజులనుంచి వేయమంటున్నాడు.

రిపేరు చేసే ఆయన ముస్లిం పెద్దమనిషి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. ఇరుకు సందులో చిన్న కొట్టు. మెమరీ పట్టీ బయటికి తీసి వాసన చూశాడు. నవ్వలేదు. పిల్లలు వాడే రబ్బరు ముక్కతో ఆ బంగారు గీతలు రుద్ది, మళ్లీ బిగించి మీట నొక్కాడు. తెర వెలిగింది. నూనె వల్ల పెద్దగా పోయిందేమీ లేదని చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆయన వెంటనే వేలు ఎత్తి మమ్మల్ని ఉండమన్నాడు. పెట్టెలోంచి సన్నగా టక్కు టక్కుమని చప్పుడు వస్తోంది. ఆయన తల వంచాడు. నా భర్త కూడా తల వంచాడు. ఇద్దరూ చెరో పక్కన చెవి పెట్టి విన్నారు. రిపేరు ఆయన వెంటనే తీగ పీకేశాడు.

డిస్కు పాడవుతోందట. ఆరు నెలలుగా పాడవుతోందట.

"ఇది నిదానమైంది సోమరితనంతో కాదమ్మా. చదవలేని చోటు వస్తే వదిలిపెట్టకుండా మళ్లీ మళ్లీ చదవతా ఉండాది. మీరు మధ్యలో ఆపేస్తిరంటే పాపం మళ్లీ మొదట్నించి రావాల" అన్నాడు భాయి.

నేను చేసిన వైద్యాలన్నీ అడిగాడు. చెప్పాను. రోజూ డిస్కుని గాలించే ఆ ప్రోగ్రాము, మీట నొక్కి పట్టుకుని ఆర్పడం, గాలి ఆడకుండా గుడ్డ కప్పడం, నిన్న సాయంత్రం ఆరుసార్లు. వింటున్నకొద్దీ ఆయన మొహంలో మర్యాద పెరుగుతూ వచ్చింది. నన్నేమీ అనకుండా ఉండడానికి అంత మర్యాద కావలసి వచ్చింది. ఇక దీన్ని వేయకూడదని, మద్రాసులో తెలిసినవాళ్లకి పంపితే లోపలున్నవి దింపి ఇవ్వవచ్చని, రెండు మూడు వారాలు పడుతుందని, వస్తాయని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పాడు. డిస్కు ఆయన దగ్గరే ఉంచి ఇంటికి బయలుదేరాం.

తప్పు ఎవరిదో నాకు తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, చెప్పడం వేరు.

శనివారం పొద్దున గీతల నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు పుటలు టైపు చేసినదాన్ని, ఆ మాత్రం గుర్తుండదా అనుకున్నాను. అరగంటలో ఒక పుట రాశాను. ఆ తర్వాత కలం కదల్లేదు. రాసింది చదువుకుంటే అది ఎవరి జీవితమైనా కావచ్చు. ఇరవై ఏళ్లుగా నేను పేర్లు మార్చి దాచుకున్న కాగితాల్లో ఒకటి. రెండు నెలలు ఆ మనిషి నా మోచేతి దగ్గర కూర్చుని మాట్లాడితే నాకు మిగిలింది ఇంతేనా అని దుఃఖం వచ్చింది. గడప మీద నా భర్త టీ తాగుతున్నాడు. ఆయన కోసమని కాదు, నాకోసమే పైకి చదువుకున్నాను. ఫలానా ఊళ్లో పుట్టింది, ఫలానా ఏట బాప్తిస్మం, పెళ్లి, నాలుగేళ్లకు భర్త మరణం, సంతానం లేదు.

"లేదని ఎవురు చెప్పినారు?" అన్నాడాయన.

తల ఎత్తి చూశాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

అవ్వకి ఒక ఆడపిల్ల పుట్టిందట. పదకొండు రోజులు బతికిందట. మొగుడు సముద్రం మీద చేపల వేటకి పోయి ఉన్నాడట, వాన పడుతోందట. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోదామని బండి కట్టించుకుని బయలుదేరితే, ఊరి పొలిమేర దాటకుండానే ఒళ్లో బిడ్డ చల్లబడిందట. సరుగుడు తోట పక్కన పాతిపెట్టారట. పసిబిడ్డకి బాప్తిస్మం ఉండదు కాబట్టి సంఘం పుస్తకంలో ఎక్కలేదు. తర్వాత ఎవరు అడిగినా, పిల్లలు లేరమ్మా అని చెప్పడం అవ్వకే అలవాటైపోయిందట. ఆ బిడ్డకి పెట్టుకున్న పేరు కూడా చెప్పిందట. ఆ పేరు నేనిక్కడ రాయను.

"పిల్లల లెక్క వచ్చినప్పుడు ఒకరని చదవమనింది. పేరు గూడా చదవమనింది. దానికోసరమే ఇదంతా రాయిస్తుండానని చెప్పె" అన్నాడు.

ఎప్పుడు చెప్పింది అని అడిగాను.

"నువ్వాడనే ఉండావు గదా. దాన్ని ఆపతా ఏస్తా ఉంటివి. అవ్వ చెప్తా ఉంటే నువ్వు దాంతో కొట్లాడతా ఉంటివి. ఇంటా ఉండావనే అనుకుంటి నేను."

ఆయన మాటలో నింద లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. షెడ్డులో ఇంజను ముక్కలు కడుగుతూ, కిటికీకి అవతల, రెండు నెలలు అవ్వ చెప్పినదంతా ఆ మనిషి విన్నాడు. వినడం ఆయన పని. ఎదురుగా కూర్చున్న నేను నిమిషానికి ఎన్ని మాటలు కొట్టగలనో చూసుకుంటున్నాను.

నిన్న నేనన్న మాట, అని మొదలుపెట్టాను. తప్పు నాదే, క్షమించు అన్నాను. ఆయన నోటుబుక్కు నా వైపు జరిపాడు.

"ముందు రాసుకో. నాకు మళ్లీ వరస తప్పతాది" అన్నాడు.

ఆ పుట చింపేసి కొత్తగా మొదలుపెట్టాను. పొద్దు వాలేదాకా ఆయన చెప్పాడు, నేను రాశాను. ఆ రోజు షెడ్డు తెరవలేదు. అవ్వ ఎలా చెప్పిందో అలాగే చెప్పాడు, ఆమె ఆగిన చోట ఆగాడు కూడా. గడప బయట నిలబెట్టిన ఇల్లు, కాలే ఇసక, కోళ్లు కొట్టుకుపోయిన ఏడు, సంగం ఊరి దగ్గర పెన్నా నది దాటుతూ సంచి తడిస్తే బైబిలు పుటలు ఒక్కొక్కటీ ఇసకలో ఆరబెట్టుకుని రోజంతా కాపలా కూర్చోవడం. ఇవన్నీ నేనూ టైపు చేశానేమో. చేసే ఉంటాను. నా వేళ్లకి తెలుసు, నాకు తెలియదు. పుస్తకం భాషలోకి మార్చబోయి రెండుసార్లు ఆగిపోయాను. నా చెయ్యి నొప్పి పుట్టింది. కలంతో రాసేటప్పుడు మాట కోసం ఆగక తప్పదు. ఆగినప్పుడల్లా అవ్వ ఆ కుర్చీలో ఉన్నట్టే అనిపించింది.

ఆదివారం చర్చి నిండి బయట కూడా చాపలు వేశారు. నోటుబుక్కు పట్టుకుని నేనే చదివాను. ఎక్కువ మంది వచ్చినప్పుడు నేను మామూలుగా వేగంగా చదువుతాను, భోజనాలు చల్లారిపోతాయని. ఆ రోజు అలా చదవలేకపోయాను. సంతానం ఒకరు, ఆడపిల్ల, పదకొండు రోజులు అని చదివి, ఆ పేరు చదివాను. అవ్వకి ఎనభై ఏళ్లు దాటాయి. అంటే ఆ పేరుని నలుగురిలో పైకి పలికి అరవై ఏళ్లు అయి ఉంటుంది. కూడిక అయ్యాక పాస్టరుగారు సంఘం పుస్తకం తెచ్చి, ఆ పేరు ఎలా రాయాలో నన్ను అడిగి, అవ్వ పేరు కింద ఎక్కించారు. నా భర్త అప్పటికే అన్నం వడ్డించే వరసలో సాంబారు బకెట్టు పట్టుకుని తిరుగుతున్నాడు.

మూడు వారాల తర్వాత భాయి ఫోను చేశాడు. దాదాపు అన్నీ దింపగలిగారట. కొత్తరకం డిస్కు వేసి పెట్టాడు. ఇప్పుడు మీట నొక్కితే, బియ్యం డబ్బా మూత తీసేలోపే కంప్యూటరు సిద్ధం. తీసుకొచ్చిన రోజున అవ్వ ఫైలు మీద నొక్కాను. రెప్పపాటులో తెరుచుకుంది. పదకొండు పుటలూ ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. నాలుగో పుటలో, మధ్యలో, ఊరందరూ అనుకునేదే, సంతానం లేదు అని ఉంది. తర్వాతి వాక్యం ఇంకో సంగతి. ఆ రెండు మాటలూ నేను టైపు చేసినప్పుడు అవ్వ నా పక్కనే కూర్చుని చెబుతూ ఉంది.